నానో వెండి క్యాన్: లేబుల్ మీది 99.9 గుడ్డ మీదికి వస్తుందా?

ఈ సమీక్ష ఒక అయిదు లీటర్ల తెల్ల క్యాన్ గురించి. హైదరాబాద్‌లో దుప్పట్లు, దిండు గలీబులు, స్క్రబ్‌లు (డాక్టర్లు, నర్సులు డ్యూటీలో వేసుకునే బట్టలు) కుట్టి ఆసుపత్రులకు ఇచ్చే చిన్న యూనిట్లకూ, లాండ్రీలకూ కెమికల్ ఏజెంట్లు తెచ్చి చూపించే సరుకు. లేబుల్ మీద నాలుగు మాటలుంటాయి: నానో సిల్వర్ 1000 పీపీఎం (అంటే కిలోకు 1000 మిల్లీగ్రాముల వెండి), డోసు లీటరు నీళ్లకు 20 గ్రాములు, 99.9 శాతం బ్యాక్టీరియా నాశనం, 50 ఉతుకుల దాకా గ్యారంటీ. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం క్యాన్ ఏ పేరుతో వచ్చినా చూసుకోవాల్సినవి ఇవే.

తీర్పు ముందే చెప్పేస్తే, సరుకు పనిచేసేదే. కానీ ఆ నాలుగు మాటల్లో క్యాన్‌కు సంబంధించింది మొదటిదొక్కటే. మిగతా మూడూ మీ నీళ్లు, మీ బైండర్ (వెండిని గుడ్డకు అంటించే జిగురు), లాండ్రీలో పోసే బ్లీచ్ కలిసి తేల్చేవి. ఏజెంటు వాటి ఊసెత్తడు.

మూత తీస్తే వాసన ఉండకూడదు. ఒక ఎంఎల్ తీసి గ్లాసుడు, అంటే 200 ఎంఎల్, ఆర్వో నీళ్లలో కలిపి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. తేనె రంగు కనబడాలి, గ్లాసు వెనక పెట్టిన పేపర్లో అక్షరాలు మసకబారకుండా చదవగలగాలి. ఆ పసుపు ఎవరో కలిపిన రంగు కాదు. వెండి రేణువులు నానోమీటర్ల సైజుకు దిగాక 400 నుంచి 420 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని పట్టేసుకుంటాయి, మన కంటికి పసుపు మిగులుతుంది. బూడిద రంగు, మురికి నీళ్ల రంగు, అడుగున నల్లటి మడ్డి ఉంటే రేణువులు ముద్దకట్టేశాయని అర్థం. ఎంత కలిపినా మళ్లీ విడిపోవు, ఆ క్యాన్ వెనక్కి పంపేయండి. నీళ్లలా రంగే లేకపోతే అది నానో కాదు, వెండి అయాన్ల ద్రావణం, అంటే నీళ్లలో కరిగిన వెండి. పలచన చేయకుండా ఒక చెంచాడు తీసుకుని చిటికెడు ఉప్పు వేస్తే పాలలా తెల్లబడుతుంది. అదీ బ్యాక్టీరియాను చంపుతుంది, కాకపోతే నానో ధరకు కొనక్కర్లేదు.

ఇదే ఉప్పు చిటికెడు తేనె రంగు గ్లాసులోనూ వేసి అరగంట ఆగండి. పసుపు అలాగే నిలిస్తే రేణువుల చుట్టూ పాలిమర్ కవచం గట్టిగా ఉంది. బూడిద రంగుకు తిరిగితే పాలిమర్ లేకుండా సిట్రేట్ అనే లవణంతో మాత్రమే నిలబెట్టిన సరుకు. అలాంటిది బోరు నీళ్లకే చెదిరిపోతుంది, చెమటకు ఆగుతుందన్న ఆశ అసలే పెట్టుకోవద్దు. ఏజెంటు లేజర్ లైటు వేసి గీత కనబడుతోంది చూడండి, ఇది నానోయే అంటాడు. పలచటి పాలలో వేసినా ఆ గీత కనబడుతుంది.

1000 అన్న అంకెను ల్యాబ్‌లో కొలిపించకుండా నమ్మొద్దు. 1982లో లీ, మైసెల్ అచ్చువేసిన సిట్రేట్ పద్ధతి ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో నడుస్తోంది: అర లీటరు మరిగే నీళ్లలో 90 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్, దానికి ఒక శాతం సోడియం సిట్రేట్ 10 ఎంఎల్, ఒక గంట మరిగించడం. సిల్వర్ నైట్రేట్ బరువులో వెండి 63.5 శాతమే కాబట్టి ఆ పాత్రలో తేలేది 110 పీపీఎం పైచిలుకు. దాన్నే పదింతలు చిక్కగా చేయబోతే రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. 1000 పీపీఎం నిలకడగా ఉండాలంటే పాలిమర్ కావాలి, దానికి ఖర్చవుతుంది. చౌక క్యాన్ మీద 1000 కనబడితే అనుమానించాల్సింది అక్కడే. ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లకు ఒక సుఖం ఉంది. ఫార్మా పరిశ్రమ పుణ్యమా అని ద్రావణం ఏ కాంతిని ఎంత పట్టేసుకుంటుందో కొలిచే యూవీ-విజిబుల్ మెషీన్లకూ, లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్‌కూ ఊళ్లో కొరత లేదు. ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లో రెండు పరీక్షలు అడగండి: మొత్తం వెండి ఎంత, పీక్ (కాంతిని అన్నిటికంటే ఎక్కువగా పట్టేసుకునే చోటు) ఎన్ని నానోమీటర్ల దగ్గర. పీక్ 420 దగ్గర సన్నగా నిలబడితే మంచిది. 500 దాకా తోకలా సాగితే ముద్దకట్టడం మొదలైందన్నమాట.

ఇక డోసు. లీటరుకు 20 గ్రాములు కలిపితే ఆ బాత్‌లో, అంటే గుడ్డను ముంచే ద్రావణంలో, లీటరుకు 20 మిల్లీగ్రాముల వెండి ఉంటుంది. గుడ్డ ప్యాడింగ్ మాంగిల్ (ముంచి పిండే మెషీన్) రోలర్ల మధ్య నుంచి బయటపడేసరికి తన బరువులో 70 శాతం నీళ్లు పట్టుకుందనుకుందాం, దీన్నే పికప్ అంటారు. కిలో గుడ్డ మీదికి చేరేది 14 మిల్లీగ్రాములు, అంటే 14 పీపీఎం. 60 బై 90 అంగుళాల సింగిల్ దుప్పటి 140 జీఎస్ఎం (చదరపు మీటరుకు 140 గ్రాములు) గుడ్డలో 490 గ్రాముల దాకా తూగుతుంది, దాని మీద వెండి 7 మిల్లీగ్రాములైనా ఉండదు. కిలో వెండి రెండు లక్షలనుకుంటే ఆ దుప్పటి మీది వెండి విలువ రూపాయిన్నరలోపే. వెండి పూసిన దుప్పటి కాబట్టి ఇంత ధర అని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

14 పీపీఎం పనికిరాదని కాదు. కొత్త గుడ్డ మీద, ఉతకకముందు, ల్యాబ్ పరీక్ష గట్టెక్కడానికి ఇలాంటి డోసు చాలవచ్చు. ఉతుకుల్లో పోగొట్టుకోవడానికే మిగులు ఉండదు. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దుకాణాల్లో అమ్మే వెండి సాక్సులు కొలిస్తే గ్రాముకు 1360 మైక్రోగ్రాముల దాకా, అంటే 1360 పీపీఎం దాకా కనబడింది. కొన్ని బ్రాండ్ల సాక్సులు నాలుగు ఉతుకుల్లో దాదాపు మొత్తం వదిలేశాయి, మరికొన్ని ఒక శాతం కూడా వదల్లేదు. తేడా వెండి పరిమాణంలో లేదు, దాన్ని గుడ్డకు పట్టించిన తీరులో ఉంది. అందుకే మా సలహా డోసు లీటరుకు 50 గ్రాములకు పెంచడం. అదే 70 శాతం పికప్‌కు 35 పీపీఎం వస్తుంది. పెంచాక కూడా బైండర్ సరిగా లేకపోతే మోరీలోకి పోయే వెండి పెరుగుతుంది తప్ప గుడ్డకు ఒరిగేదేమీ లేదు.

మాంగిల్ లేని లాండ్రీలు ముంచి హైడ్రోలో (గిరగిరా తిప్పి నీళ్లు పిండే మెషీన్) పిండుతాయి. పర్లేదు, కానీ తూచాలి. ఎండు దుప్పటి 490 గ్రాములు, హైడ్రో నుంచి తీశాక 830 తూగితే పట్టుకున్న నీళ్లు 340, పికప్ 69 శాతం. హైడ్రో ఇంకాసేపు తిరిగి పికప్ 55కు పడితే వెండి కూడా అదే దామాషాలో పడిపోతుంది. బ్యాచ్‌కు ఒక దుప్పటి తూచినా చాలు, కిరాణా త్రాసు సరిపోతుంది. తడి దుప్పట్లను బాత్‌లో వేయడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. ఒక్కో దుప్పటి తనతో పావు లీటరుకు పైగా ఉత్త నీళ్లు తెచ్చి పోస్తుంటే పదో దుప్పటికి బాత్‌లో డోసు ఎక్కడుంటుంది? ఆరినవే వేయాలి.

నీళ్ల సంగతి లేబుల్ మీద చిన్న అక్షరాల్లో కూడా లేదు. ఈ సరుకులో మాకు నచ్చని మొదటి విషయం అదే. ఊళ్లో బోరు నీళ్లు ఎంత ఉప్పనో బకెట్ అంచున కట్టే తెల్ల పొరే చెబుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం రేణువులను ముద్దకట్టిస్తుంది, క్లోరైడ్ వెండిని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చి దింపేస్తుంది. మంజీరా, కృష్ణా నల్లా నీళ్లు మెత్తనే కానీ వాటిలో శుద్ధికి కలిపిన క్లోరిన్ మిగిలి ఉంటుంది. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో మీ యూనిట్ నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. రెంటిలోనూ ఒక్కో ఎంఎల్ సరుకు వేసి గంట తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మీ గ్లాసు బూడిద రంగుకు తిరిగితే బాత్ మొత్తం ఆర్వో నీళ్లతోనే కలపాలి. వంద లీటర్ల బాత్‌కు ఆర్వో నీళ్ల ఖర్చు, దాంట్లో పోసే అయిదు కిలోల సరుకు ధర ముందు ఏపాటి?

బాలాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ తాగునీటి కోసం నానో వెండి పట్టించిన సిరామిక్ క్యాండిల్ తయారుచేసిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ఏజెంట్లు దాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. క్యాండిల్‌లో వెండి కదలకుండా కూర్చుంటుంది, నీళ్లే దాన్ని దాటిపోతాయి. దుప్పటిని సబ్బు పెట్టి రుద్దుతారు, పిండుతారు, ఇస్త్రీ చేస్తారు. ఆ పోలిక ఇక్కడ చెల్లదు.

గుడ్డను సిద్ధం చేయడంలో రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది గంజి, సాఫ్ట్‌నర్. ఇవి గుడ్డ మీదుంటే సరుకు పీచు దాకా పోదు. ఒక నీటి చుక్క వేసి చూడండి, అయిదు సెకన్లలో ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే మళ్లీ స్కౌరింగ్‌కు, అంటే గంజి, జిడ్డు పోయేలా కడగడానికి, పంపండి. రెండోది బ్లీచింగ్ తర్వాత మిగిలిపోయిన పెరాక్సైడ్. అది వెండిని కరిగిస్తుంది, గుడ్డ మీద మచ్చలు తేలతాయి. పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి చూసి, రంగు మారితే పెరాక్సైడ్ కిల్లర్ వేసి మళ్లీ జాడించాలి. మెత్తదనం కోసం కేటయానిక్ సాఫ్ట్‌నర్‌ను ఇదే బాత్‌లో కలిపేవాళ్లున్నారు. వెండి రేణువుల మీద చాలావరకు రుణావేశం ఉంటుంది, సాఫ్ట్‌నర్ మీద ధనావేశం. రెండూ కలిస్తే పెరుగులా విరుగుతుంది. కావాలంటే నాన్ అయానిక్ సాఫ్ట్‌నర్ వాడండి, అదీ చిన్న గిన్నెలో కలిపి చూశాకే.

క్యాన్‌తో బైండర్ ఇవ్వరు, విడిగా కొనాలి. ఇది చెప్పకుండా 50 ఉతుకుల గ్యారంటీ రాయడం ఒట్టి దబాయింపు. పత్తికి దానంతటదే గట్టిపడే అక్రిలిక్ లేదా పాలీయురేథేన్ బైండర్ లీటరుకు 10 నుంచి 20 గ్రాములు సరిపోతుంది. అంతకు మించితే గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది, పైగా వెండి బైండర్ పొర కింద పూడిపోయి బ్యాక్టీరియాకు తగలదు. కలిపే వరుస కూడా ముఖ్యం: ముందు నీళ్లు, తర్వాత బైండర్, చివర్లో వెండి, నెమ్మదిగా తిప్పుతూ. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 150 డిగ్రీల్లో మూడు నిమిషాలు క్యూరింగ్ చేయాలి, అంటే బైండర్‌ను వేడితో గట్టిపరచాలి. ఆ 150 గుడ్డకు తగలాల్సిన వేడి, స్టెంటర్ (గుడ్డను చాపి వేడిగాలిలో ఆరబెట్టే మెషీన్) డయల్ మీది అంకె కాదు. మందం గుడ్డ వేడెక్కడానికే ఒక నిమిషం తినేస్తుంది. అలాగని 170కి పెంచితే తెల్ల గుడ్డ పసుపెక్కుతుంది.

చాలా లాండ్రీల్లో ఉండేది టంబ్లర్ డ్రయర్. అది బట్టను 80 డిగ్రీల దాకా తీసుకెళ్తే గొప్ప. ఆరింది కదా అని మడతపెట్టి పంపేస్తారు, కానీ బైండర్ గట్టిపడలేదు. మొదటి ఉతుకులోనే బైండర్‌తో పాటు వెండీ వదిలిపోతుంది. ఫ్లాట్‌వర్క్ ఐరనర్ రోలరు 170 డిగ్రీలున్నా దుప్పటి దాని మీద నిలిచేది కొన్ని సెకన్లే. స్టెంటర్ లేనివాళ్లు ఈ క్యాన్ కొనకపోవడమే మేలు. గుడ్డను తానుగానే ప్రాసెస్ హౌస్‌కు పంపి ఫినిష్ చేయించి, తర్వాత కత్తిరించి కుట్టుకోవడం తక్కువలో పోతుంది.

రంగు విషయంలో ఏజెంటు అబద్ధం చెప్పడు, సగమే చెబుతాడు. 14 పీపీఎం దగ్గర తెల్ల గుడ్డ తెల్లగానే కనబడుతుంది, ఫినిష్ చేయని దుప్పటి పక్కన పెడితే తప్ప తేడా తెలియదు. 35కు పెంచితే లేత మీగడ రంగు తేలుతుంది. అది అక్కడితో ఆగదు. మట్టెలు, పట్టీలు ఎందుకు నల్లబడతాయో ఇదీ అందుకే: గాల్లోనూ, చెమటలోనూ ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఎలాస్టిక్ ఉన్న ఫిట్టెడ్ షీట్లలో రబ్బరు పక్కనే ముందు బూడిద చార వస్తుంది, ఎందుకంటే వల్కనైజ్ చేసిన రబ్బరులో గంధకం ఉంటుంది. ఎండలో ఆరేసినప్పుడు సిల్వర్ క్లోరైడ్ ఉన్నచోట గోధుమ మచ్చలు. డాక్టర్ల తెల్ల కోట్లకు ఈ ఫినిష్ వద్దు. ఆకుపచ్చ, నేవీ బ్లూ స్క్రబ్‌ల మీద ఇవేవీ బయటపడవు.

ఇక ఆ 50 ఉతుకుల గుట్టు. టెస్ట్ రిపోర్టులో ఏఏటీసీసీ (బట్టల పరీక్షా పద్ధతులు రాసే అమెరికా సంస్థ) 61, 2ఏ అని రాసుందా చూడండి. 49 డిగ్రీల నీళ్లలో, 50 ఉక్కు గోళీలతో, 45 నిమిషాలు గిరగిరా తిప్పే పరీక్ష అది. ఒక్క తిప్పుడును అయిదు ఇంటి ఉతుకుల కింద లెక్కవేస్తారు. పది తిప్పితే 50 ఉతుకులన్నమాట. ఇందులో మోసం లేదు, పద్ధతే అది. కానీ 2ఏలో క్లోరిన్ ఉండదు. ఆసుపత్రి లాండ్రీలో రక్తం మరకల బట్టలు హైపోక్లోరైట్ పడకుండా బయటికి రావు. క్లోరిన్ వెండిని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది, రంగూ మారుతుంది, చంపే శక్తీ మందగిస్తుంది. అడగాల్సింది 4ఏ లేదా 5ఏ పరీక్ష. 4ఏ 71 డిగ్రీల్లో 0.015 శాతం క్లోరిన్‌తో, 5ఏ 49 డిగ్రీల్లో 0.027 శాతంతో చేస్తారు. ఆ రిపోర్టు చూపించలేని సరుకును ఆసుపత్రికి గ్యారంటీ ఇచ్చి అమ్మకండి, రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

99.9 కూడా అంతే. ఏఏటీసీసీ 100 పద్ధతిలో లక్ష పైచిలుకు బ్యాక్టీరియాను తడి గుడ్డ ముక్కల మీద వేసి 24 గంటలుంచుతారు. లక్షలో వంద మిగిలితే 99.9, వెయ్యి మిగిలితే 99. రెండంకెలూ పక్కపక్కన చూస్తే తేడా ఏమీ లేనట్టుంటుంది, మిగిలినవాటిని లెక్కపెడితే పదింతలు. మామూలుగా వాడే బ్యాక్టీరియా రకాలు స్టెఫైలోకాకస్ ఆరియస్ 6538, క్లెబ్సియెల్లా న్యుమోనియే 4352. రెండింటికీ విడివిడిగా అంకె ఉండాలి. పోల్చిన గుడ్డ అదే తాను నుంచి తీసిన ఫినిష్ చేయని ముక్కేనా అన్నది చూడాలి. ఏజెంటు తెచ్చే ఫోటోకాపీ తరచూ పాలిస్టర్ నిట్ మీద చేసింది అయి ఉంటుంది, మీరు కొనేది పత్తి దుప్పటి కోసం. కొందరు ఏఏటీసీసీ 147 ఫోటో చూపిస్తారు, గుడ్డ ముక్క చుట్టూ ఖాళీ అంచు. అంచు ఎంత వెడల్పైతే అంత గొప్ప అంటారు. ఆ అంచు వచ్చిందంటే వెండి గుడ్డను వదిలి బయటికి పాకుతోందని. దుప్పటికి అది మంచి గుర్తు కాదు.

ఆ 24 గంటల తడి పరీక్షకూ వార్డులో పొడిగా పరిచిన దుప్పటికీ పోలిక తక్కువ. రక్తం, చీము పడినచోట ప్రోటీన్లు వెండిని పట్టేసుకుంటాయి, ఆ మేరకు అది పనికి దొరకదు. కాబట్టి ఉతుకుల మధ్య రోజులు పెంచవచ్చన్న సలహా వింటే చెవిన పెట్టకండి. ఈ ఫినిష్ నిజంగా అక్కరకొచ్చేది అరుదుగా ఉతికే వాటికి: మంచాల మధ్య తెరలు, పరుపు తొడుగులు, బూట్ల లోపలి లైనింగు. చెమట వాసన తగ్గాలనుకునే సాక్సులకు కూడా బాగుంటుంది, కానీ ఆ పనికి నూలు తీసేటప్పుడే పాలిస్టర్‌లో వెండి కలిపిన దారం ఎక్కువ కాలం మన్నుతుంది.

పని అయ్యాక ముంచే తొట్టిలో మిగిలిన 20 లీటర్ల బాత్ చాలామంది మోరీలో పోస్తారు. లేబుల్ డోసు దగ్గరే దాంట్లో 400 మిల్లీగ్రాముల వెండి ఉంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునేది లీటరుకు 0.1 మిల్లీగ్రాము, ఈ బాత్ దానికి 200 రెట్లు. మీకే ఈటీపీ (మురికినీటి శుద్ధి ప్లాంటు) ఉంటే దాని బ్యాక్టీరియాను మీరే చంపుకున్నట్టు. చివరి తానుకు తగ్గట్టు బాత్ తక్కువ కలపండి, మిగిలింది అదే రోజు గలీబులకు వాడేయండి. స్ప్రే గన్నుతో కొట్టొద్దు, ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతికి గ్లౌజులు, పాత్రలు ప్లాస్టిక్‌వో స్టీలువో, రాగి, అల్యూమినియం వద్దు.

క్యాన్ మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు లేకపోతే తీసుకోవద్దు. మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన క్యాన్ జూన్‌లో తెరిచేసరికి అడుగున మడ్డి కడుతుంది. ఎండ తగలని గదిలో పెట్టుకుని, వాడే ప్రతిసారీ ముందు ఆ తేనె రంగు గ్లాసు పరీక్ష చేసుకోండి.